బీట్ అంటే గెలవడమే

పై వాటాలో కిరాయికి ఉంటున్నవాళ్ళ అమ్మాయి మొన్న సాయంత్రం ఫోను పట్టుకుని గబగబా మెట్లు దిగి వచ్చింది. వాళ్ళ బడి జట్టు వాలీబాల్‌లో కరీంనగర్ పిల్లల మీద గెలిచిందట. ఆ సంగతి ఫొటోతో సహా ఫోనులో పెట్టాలట. పెట్టేముందు ఇంగ్లీషు ఒకసారి చూడమంది.

“టీచర్, వి వన్ కరీంనగర్ అని పెట్టాల్నా, వి బీట్ కరీంనగర్ అని పెట్టాల్నా?”

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని, ఇది నాకు లెక్కలోకి వచ్చే ప్రశ్న కాదు. “బీట్” అన్నాను. ఆ పిల్ల టైపు చేయబోతుంటే మళ్ళీ నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. “వద్దు. వి వన్ ద మ్యాచ్ అని పెట్టు.”

“బీట్ తప్పా టీచర్?”

“తప్పు కాదు. చదివేటోళ్లు ఎవలో మనకు ఎరుకనా?”

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, ఈ ముసలామెకు ఏదో అయిందనుకుని పైకి వెళ్ళిపోయింది. నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. తుడవడం సగంలో వదిలేసి వాకిట్లోకి వచ్చాను, మళ్ళీ లోపలికి వెళ్ళాను. బడిలో పని చేసిన రోజుల్లోనూ ఇంతే. విన్‌కూ బీట్‌కూ తేడా చెప్పాల్సిన పాఠం వచ్చిందంటే పిల్లలను చదువుకోమని చెప్పి వరండాలో అటూ ఇటూ తిరిగేదాన్ని. అర్థం తెలియక కాదు. ఆ మాట నాకు బాగా తెలుసు, అదే నా తిప్పలు.

అప్పట్లో సిద్దిపేటలో మేమున్న గల్లీలో అడుగు పెట్టగానే గంజి వాసన కొట్టేది. తెల్లవారగానే నేతపని చేసే సాలోళ్ళు పడుగు దారాలను వీధి పొడుగునా కర్రల మీద చాచి, కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు. ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు, రాట్నం తిప్పుతూ కండెలు చుట్టే ఆడవాళ్ళ మాటలు కలిసి వినపడేవి. ఇప్పుడు ఆ గల్లీలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాలున్నాయి. ఎవరినైనా ఆపి ఇక్కడ పడుగులు ఆరేవని చెబితే, అవునా అని మర్యాదకు అని వెళ్ళిపోతారు.

మా బాపు కచేరీలో గుమాస్తా. మా ఇంట్లో మగ్గం లేదు, డిక్షనరీ ఉంది. గల్లీ మొత్తానికి అదొక్కటే డిక్షనరీ కాబట్టి, నేను గల్లీ మొత్తానికి ఇంగ్లీషు వచ్చిన పిల్లను. మందుసీసా మీది చీటీ చదవాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. రాని మాట వస్తే వచ్చినట్టే చదివేదాన్ని. తెలియదు అనడం నాకు చేతనయ్యేది కాదు.

మా ఇంటి ఎదురింటి పిల్ల నా దోస్తు. వాళ్ళ బాపు బొంబాయి దగ్గర భీవండిలో సాంచలు నడిపేవాడు. సాంచ అంటే కరెంటు మగ్గం. ఏడాదికి ఒకసారి వచ్చేవాడు, పీర్ల పండుగకో పెళ్ళికో. ఇంట్లో అవ్వ, అంటే వాళ్ళమ్మ, బాపమ్మ, ఈ పిల్ల. వాళ్ళ బాపమ్మ ఒక్కతే అప్పటికీ చేతిమగ్గం దిగలేదు. చీర అంచులో గొల్లభామల బొమ్మలు నేస్తూ నేస్తూ మాకు శాపనార్థాలు పెట్టేది.

ఎందుకంటే మేము ఆ పడుగుల కిందనుంచీ, కర్రల మధ్యనుంచీ ఉరికేవాళ్ళం. నేను ఉరికితే ఏదో ఒక కర్ర తగిలేది. నా దోస్తు ఉరికితే దారం కదిలేది కాదు. ఒక కర్రకు ఎడమ, ఇంకో కర్రకు కుడి, ఒళ్ళు వంచి జారిపోయేది. “దారం తెగితె కాళ్లు ఇరగ్గొడ్త ముండల్లారా!” అని బాపమ్మ అరుస్తుండగానే వీధి చివర నిలబడి నవ్వేది. సీతాఫలాల కాలంలో మేము కాయలు దొంగిలించి తెచ్చి, పండాలని ఆ ముసలమ్మ నూలు గంపలోనే దాచిపెట్టాం. అవి పండి, పగిలి, తెల్లనూలుకు అంటుకున్నాయి. ఆ రోజు తిట్లు వినడానికి పక్క గల్లీ వాళ్ళు కూడా వచ్చారు. పండ్లు మాత్రం మేము వదల్లేదు, దారపుపోగులు ఏరేసుకుంటూ తిన్నాం.

మా డ్రిల్లు టీచరమ్మ ఒకరోజు మా గల్లీ మీదుగా పోతూ ఆ ఉరుకుడు చూసింది. మర్నాడే నా దోస్తును ఖోఖో జట్టులో వేసింది. దోస్తు లేకుండా నేనెందుకని నేనూ వెంటబడితే, నన్ను జట్టులో అదనపు పిల్లగా పెట్టుకుంది. ఎవరికైనా కాలు బెణికితే నేను ఆడాలి. ఎవరికీ బెణకలేదు. నేను నీళ్ళ బిందె దగ్గర కూర్చుని అందరికీ గ్లాసులు అందించేదాన్ని. అది నాకు లోపల కొంచెం గుచ్చుకునేది. ఆ సంగతి ఇప్పుడు చెప్పకపోతే తరవాత చెప్పేదంతా అబద్ధమవుతుంది.

ఆ సీతాఫలాల కాలంలోనే గజ్వేల్ పిల్లలతో ఆట పడింది. మేము బస్సులో పోయాం. గజ్వేల్ పిల్లలు ఒకరి తరవాత ఒకరు లేచి తరిమినా, నా దోస్తు చివరి విజిలు దాకా ఎవరి చేతికీ చిక్కలేదు. కూర్చున్న పిల్లల మధ్యనుంచి ఆమె ఉరుకుతుంటే నాకు మా గల్లీ పడుగు కర్రలే కనిపించాయి. టీచరమ్మ అక్కడి అంగట్లో అందరికీ దోసకాయలు కొనిపెట్టింది. ఉప్పూకారం అద్దుకుని తింటూ, గొంతులు పోయేలా పాడుకుంటూ తిరిగి వచ్చాం.

మర్నాడు ఇంగ్లీషు సారు, నిన్నటి సంగతి ఇంగ్లీషులో ఎవరు చెబుతారన్నాడు. ఎవరు లేస్తారు, నేనే లేచాను. “సర్, వి వన్ గజ్వేల్ గర్ల్స్” అన్నాను.

సారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఏందీ? గజ్వేల్ పిల్లలను గెల్సుకొని తెచ్చినవా? ఏడున్నరు, సంచిల ఉన్నరా? తియ్యి, సూస్తం.”

క్లాసంతా పగలబడి నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. సారు బోర్డు మీద రెండు మాటలు రాశాడు. “విన్ అంటె ఆటను గెలుసుడు, కప్పును గెలుసుడు. మనిషిని గెలిస్తె విన్ అనరు, బీట్ అంటరు. ఇయ్యాల గెలిసినా బీటే, నిన్న గెలిసినా బీటే, మాట మారదు. దెబ్బలు తిన్నోడు, ఓడిపోయినోడు మాత్రం బీటెన్. రాసుకోండ్రి.”

నా దోస్తు నా చెవిలో అడిగింది. “బీట్ అంటె కొట్టుడని జెప్పినవు గదనే మొన్న?”

“కొట్టుడూ అదే, గెలుసుడూ అదే.”

“గట్లెట్లుంటదే? గెలిసినోడు కొట్టినట్టేనా?”

“ఇంగ్లీషోళ్లకు అంతే” అన్నాను. నన్ను నవ్విన క్లాసు మీద కసితో ఆ రోజు పుస్తకం వెనక పేజీ నిండా బీట్ బీట్ అని రాసుకున్నాను. ఇక ఆ మాట ఎక్కడ వాడే అవకాశం వస్తుందా అని నా ప్రాణం కొట్టుకుంది.

అవకాశం వెంటనే వచ్చింది. గజ్వేల్ మీద గెలిచిన జట్టు హైదరాబాద్ పోయి ఆడాలి. వచ్చే శుక్రవారం బస్సు. అందరి ఇళ్ళలో ఊ అన్నారు, నా దోస్తు వాళ్ళింట్లో అనలేదు. వాళ్ళవ్వ కండె చుట్టడం ఆపకుండానే చెప్పింది. “మీ బాపు ఊ అంటె పో. ఆయిన మాట లేనిది ఆడివిల్లను పట్నం తోలి నేను మాట పడ.”

నా దోస్తుకు ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం దిగడం లేదు. హైదరాబాద్ అంటే ఆమెకు చార్మినార్ కాదు, తెల్లసున్నంతో గీతలు గీసిన పెద్ద మైదానం. టీచరమ్మ చెప్పిన ఆ మైదానం గురించి నన్ను ఎన్నిసార్లు అడిగిందో. అక్కడ బాగా ఆడితే ఇంకా పెద్ద జట్టులోకి తీసుకుంటారని కూడా టీచరమ్మ చెప్పింది. భీవండికి ఉత్తరం పోయి జవాబు రావాలంటే పది రోజులు పడుతుంది. ఇంక మిగిలింది తార్ ఒక్కటే. టెలిగ్రాంను మేమంతా తార్ అనేవాళ్ళం. తార్ అంటే ఇంగ్లీషులోనే ఉండాలని మా నమ్మకం. ఇంగ్లీషు అంటే నేను.

అప్పటికి నేను చూసిన తార్ ఒక్కటే, మా అమ్మమ్మకు బాగా లేదు, వెంటనే బయలుదేరి రమ్మని మా ఇంటికి వచ్చింది. అందులో స్టార్ట్ అనే మాట ఉంది. కాబట్టి తార్‌లో స్టార్ట్ ఉండి తీరాలని నేను తీర్మానించాను. మంగళవారం పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని కాగితం మీద రాశాను. మీ డాటర్ ఖోఖోలో గజ్వేల్ గర్ల్స్‌ను బీట్ చేసింది, టీమ్ హైదరాబాద్‌కు స్టార్ట్ అవుతోంది, పర్మిషన్ పంపండి అని మంచి ఇంగ్లీషులోనే వచ్చింది. అయితే తార్‌లో మాట పెరిగితే పైసలు పెరుగుతాయి, దోస్తు దగ్గర ఉన్నది బాపమ్మ కొంగుముడి విప్పి ఇచ్చినంతే. ఒక్కో మాటా కొట్టేయడం మొదలుపెట్టాం.

“ఖోఖో తీసెయ్యి. నేనేం ఆడుతనో మా బాపుకు ఎరుకే” అంది. తీసేశాను. గర్ల్స్ తీసేశాను. టీమ్ తీసేశాను.

పర్మిషన్ దగ్గర ఆగాను. ఆ మాటలో ఎస్ ఒకటా రెండా? రాసి చూశాను, రెండు విధాలా బాగానే కనపడింది. ఇంటికి పోయి డిక్షనరీ చూసి రావచ్చు, పది నిమిషాల దూరం. కానీ దోస్తు నా పెన్సిలు కొననే చూస్తోంది.

“ఏమైందే?”

“ఏం కాలే. ఈ మాట అక్కర్లేదు. తార్ చూస్తె మీ బాపే ఊ అని జవాబిస్తడు” అని పర్మిషన్ కొట్టేశాను.

చివరికి మిగిలింది ఇది. డాటర్ బీట్ గజ్వేల్ స్టార్ట్ హైదరాబాద్.

కిటికీలో ముసలి గుమాస్తా పెన్సిలు మొనతో మాటలు లెక్కపెట్టి, “ఏంది బిడ్డా, బీట్ ఏంది?” అన్నాడు.

“గెలుసుడు సార్.”

“గెలుసుడా? సరే. మా మిషినికి అర్థంతోని పని లేదు” అని టకటకా కొట్టేశాడు. మేము తిరిగి వస్తూ మక్కకంకులు కాల్పించుకుని తిన్నాం. ఆ రోజు నా దోస్తు నా భుజం మీద చెయ్యి తీయలేదు.

బుధవారం జవాబు రాలేదు. గురువారం పోస్టుమన్ సైకిలు గంట వినపడినప్పుడల్లా ఆమె వాకిట్లోకి ఉరికింది. శుక్రవారం పొద్దున టీచరమ్మే వాళ్ళింటికి వచ్చింది. వెనక నేను, నా భుజాన సంచి. నా దోస్తు కూడా బట్టలు సంచిలో సర్ది, రెండు జడలు వేసుకుని గడపలో నిలబడింది. టీచరమ్మ వాళ్ళవ్వను బతిమాలింది. “నా కడుపుల పెట్టుకొని తీస్కపోత. ఐతారం పొద్దుగూకె వరకు నీ బిడ్డను నీ గడపల దించుత.”

వాళ్ళవ్వ “ఆయినకు తార్ అయితె వోయింది. వద్దని జవాబైతె రాలే” అని సగం ఒప్పుకుంది కూడా. అంతలోనే గల్లీ మొదట్లో వాళ్ళ బాపు కనిపించాడు.

చేతిలో సంచి లేదు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది, గడ్డం పెరిగింది. పడుగుకు గంజి పెడుతున్నవాళ్ళు ఏదో పలకరించినా వినిపించుకోలేదు. గడపలో బిడ్డను చూసి ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి తల తడిమాడు, చేతులు తడిమాడు, గదుమ పట్టి మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత అరుగు మీద కూలబడ్డాడు.

“ఎవలు కొట్టిన్రు బిడ్డా నిన్ను?”

“నన్నెవలు కొడుతరు బాపు? మేమే గెలిసినం గద.”

“మరి గిదేంది?” జేబులోంచి తార్ తీశాడు. మడతలు పడి పడి గుడ్డపేలికలాగా మెత్తబడిపోయింది. “బిడ్డను గజ్వేల్‌ల కొట్టిన్రు, హైదరాబాద్ తీస్కపోతున్నరు, జల్ది రా అన్నట్టు ఉన్నదని మా మున్షీ సదివిండు. ఎవలనూ అడగకుంట సాంచ ఇడిసిపెట్టి రైలెక్కిన. హైదరాబాద్‌ల దిగి దవాఖానలన్ని దేవులాడిన. ఒక్క మంచం ఇడువలే. ఆఖరికి ఒకాయిన, పిల్ల పోయిందేమో, ఊరికి తీస్కపోయిన్రేమో సూస్కో అన్నడు. ఆ మాట పట్టుకొని బస్సెక్కి వచ్చిన.”

టీచరమ్మ తార్ తీసుకుని చదివింది. ఆమె చెడ్డ మనిషి కాదు. కానీ నవ్వు ఆపుకోలేకపోయింది. “అయ్యో, బీట్ అంటే గెలుసుడయ్యా! నీ బిడ్డ గజ్వేల్ మీద గెలిసింది. శుభవార్త పంపితె నువ్వు గింత ఆగమైనవా?”

గంజి కుంచెలు పట్టుకుని చుట్టూ చేరినవాళ్ళు కూడా నవ్వారు. నవ్వడంలో ఎవరికీ దురుద్దేశం లేదు, పిల్ల క్షేమంగా ఉందన్న సంబరమే ఎక్కువ. కాని రెండు రోజుల నుంచి నిద్రాహారాలు లేని మనిషి ఆ నవ్వుల మధ్య లేచి నిలబడ్డాడు. “ఈ రాత రాసిందెవలు?” అన్నాడు.

నేను టీచరమ్మ వెనక ఉన్నాను. ఆమె చీర కొంగు నా మొహానికి తగులుతోంది. నోరు తెరిస్తే చాలు, రెండే మాటలు. తెరవలేదు.

“నేనే రాసిన బాపు” అంది నా దోస్తు.

ఆయన ఆమెను కొట్టాడు, ఒక్కటే దెబ్బ. ఆమెకు బుద్ధి తెలిశాక ఆయన చెయ్యి ఎత్తడం అదే మొదలట. నవ్వులు ఆగిపోయాయి. “చాలు నీ ఆట. లోపటికి నడువు” అన్నాడు. ఆమె ఏడవలేదు. సంచి పట్టుకునే లోపలికి పోయింది, పోతూ నా వైపు చూడలేదు.

బస్సుకు వేళవుతోందని టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని నడిపించింది. సగం దారిలో అంది. “ఇగ నువ్వే ఆడాలె పిల్లా.” నాకు ఏడుపు వస్తోంది, అదే నిమిషంలో గుండె సంతోషంతో కొట్టుకుంటోంది. రెండూ నిజమే. ఆ సంతోషాన్ని నేను ఎన్ని ఏళ్ళు కడిగినా పోలేదు.

హైదరాబాద్‌లో నేను దిగిన కాసేపటికే చిక్కిపోయాను. మొదటి ఆటతోనే మా జట్టు ఇంటిదారి పట్టింది. ఆదివారం పొద్దుగూకాక వాళ్ళింటికి పోయాను. నా దోస్తు వాకిట్లో కండెలు చుడుతోంది.

“గెలిసిన్రా?”

“లేదు.”

రాట్నం ఆపింది. “నేనుంటె గెలుస్తుంటిమి” అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే అంది. తరవాత, “నువ్వు ఒళ్ళు వంచి ఉరుకవు, నిలువుగ ఉరుకుతవు. అందుకే దొరుకుతవు” అని నాకు తప్పు దిద్దింది. తార్ ఊసు ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేదని ఆ రోజూ అనిపించింది, ఈ రోజూ అనిపిస్తోంది.

వాళ్ళ బాపు మళ్ళీ ఒంటరిగా భీవండికి పోలేదు. ఇంకో తార్ వస్తే తన గుండె ఆగిపోతుందని, బిడ్డ కళ్ళ ముందు ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. పది రోజుల్లో బాపమ్మ మగ్గం విప్పేశారు. ముసలమ్మ ఏడ్చుకుంటూ మిగిలిన నూలు ఇంటింటికీ పంచిపెట్టింది. నా దోస్తు బడి మానేసింది. టీచరమ్మ రెండుసార్లు వచ్చి తలుపు కొట్టి, తానే తప్పు చేసినట్టు తల దించుకుని పోయింది.

వాళ్ళు బయలుదేరిన పొద్దున బస్టాండుకు పోయాను. ఉడకబెట్టిన పల్లీలు ఒక గుడ్డలో కట్టి మా అమ్మ ఇచ్చింది. అవ్వ, బాపమ్మ, నా దోస్తు బస్సెక్కి కూర్చున్నారు. వాళ్ళ బాపు కింద నిలబడి గిన్నెల మూటకు తాడు బిగిస్తున్నాడు. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే చెప్పలేనని తెలిసి, దగ్గరికి పోయి చెప్పాను.

“కాకా, ఆ తార్ నేనే రాసిన.”

ఆయన తాడు ముడి వేస్తూనే అన్నాడు. “ఎరుకే.”

“ఎట్ల ఎరుక?”

“మా పిల్లకు ఇంగ్లీషు ఏడొస్తది? అది నేను రాసిన అన్నప్పుడే ఎరుకాయె.”

“మరి దాన్నెందుకు కొట్టినవు కాకా?”

ఆయన తాడు వదిలేసి నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అంతమంది నవ్వినప్పటి అలసట మాత్రం ఇంకా ఉంది. “నిన్ను కొట్టొస్తదా బిడ్డా? నువ్వు మంది పిల్లవు, మా ఇంటి పిల్లవు గాదు” అన్నాడు. పల్లీలు తీసుకుని, నా తల నిమిరి, బస్సెక్కాడు.

తరవాత నేను ఆ డిక్షనరీతోనే పెద్దదాన్నయ్యాను, దానితోనే బతికాను. వాళ్ళు భీవండిలోనే స్థిరపడ్డారని, నా దోస్తు ఇద్దరు బిడ్డల తల్లి అయిందని ఎవరో చెబితే విన్నాను. మళ్ళీ కలవలేదు. కలిస్తే ఏం చెప్పాలో ఇన్నేళ్ళు మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను, ఏ భాషలోనూ కుదరడం లేదు. ఆ రోజు ఆయన నన్నే పిలిచి ఒక్క దెబ్బ వేసి ఉంటే, రెండు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని.